పైథాన్ కంటెయినర్ ఇమేజ్‌కి ఎక్స్‌పైరీ డేట్ రాసిపెట్టడం ఎలా

2023 వేసవిలో ఒక శుక్రవారం సాయంత్రం మా టీమ్‌లో ఒక బిల్డ్ (కోడ్‌నీ దానికి కావాల్సినవన్నీ కలిపి కంటెయినర్ ఇమేజ్‌గా కట్టే పని) ఆగిపోయింది. కోడ్‌లో మారింది ఒక్క లైను. ఎర్రర్ మాత్రం దానికి సంబంధమే లేని చోట, ఆప్ట్-గెట్ అప్‌డేట్ (డెబియన్ లినక్స్ ప్యాకేజీల జాబితా తెచ్చుకునే కమాండ్) దగ్గర వచ్చింది: 404, అంటే అడిగింది అక్కడ లేదని. బేస్ ఇమేజ్, అంటే మా ఇమేజ్‌కి పునాదిగా వాడింది, తీసి చూస్తే పైథాన్ 3.7, దాని కింద డెబియన్ పాత వెర్షన్ స్ట్రెచ్. పైథాన్ 3.7కి అప్పటికింకా గడువుంది, ఆ ఏడాది జూన్ దాకా. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. స్ట్రెచ్‌కి మాత్రం ఎల్‌టీఎస్ (మామూలు గడువు తర్వాత దొరికే అదనపు సపోర్ట్) కూడా 2022 జూన్ 30తోనే అయిపోయింది. 2023లో దాని ప్యాకేజీలను మామూలు సర్వర్ల నుంచి తీసి ఆర్కైవ్‌కి పంపేశారు. మా వికీలో ఆ ఇమేజ్ పక్కన "సపోర్టెడ్" అని ఒకే ఒక్క మాట ఉంది. ఎవరు రాశారో, ఏ అర్థంలో రాశారో, ఎప్పటి మాటో తెలీదు.

ఆ ఒక్క మాట బదులు ఏం రాసి ఉండాల్సింది, అది ఎలా రాయాలి అన్నదే ఈ గైడ్. మీ కంపెనీలో నాలుగైదు టీమ్‌లు ఒకే బేస్ ఇమేజ్‌లు వాడుతున్నాయని, అవి డాకర్ హబ్ అనే పబ్లిక్ సైటులోని అధికారిక పైథాన్ ఇమేజ్ మీద కట్టినవని, వాటి బాధ్యత మీ మీద పడిందని అనుకుంటున్నాను. నోడ్, జావా, డాట్‌నెట్ వాడేవాళ్లకైనా పద్ధతి ఇదే, తేదీలే వేరు.

1. ముందు ఉన్నవి లెక్కపెట్టండి

వికీ పేజీ చూసి లెక్కపెట్టొద్దు. మూడు చోట్ల వెతకండి: రిపోలన్నిటిలోని డాకర్‌ఫైళ్లలో ఫ్రమ్ లైన్లు (బేస్ ఇమేజ్ పేరు చెప్పేవి), రిజిస్ట్రీలో (ఇమేజ్‌లు దాచే సర్వర్) గత మూడు నెలల్లో పుల్, అంటే డౌన్‌లోడ్, అయిన ట్యాగ్‌లు (ఇమేజ్ వెర్షన్ పేర్లు), క్లస్టర్‌లో (కంటెయినర్లు నడిపే సర్వర్ల గుంపు) ఇప్పుడు నడుస్తున్నవి. ఈ మూడు జాబితాలూ ఒకదానితో ఒకటి కలవవు. కలవని చోటే మీకు కావాల్సిన సమాచారం ఉంటుంది. రిపోలో కనిపించకుండా క్లస్టర్‌లో నడుస్తున్న ఇమేజ్ దొరికిందంటే దాని సోర్స్ ఎవరి ల్యాప్‌టాప్‌లోనో ఉందని అర్థం.

ట్యాగ్ పేరు చూసి లోపల ఏముందో ఊహించకండి. కంటెయినర్ నడిపి, ఆపరేటింగ్ సిస్టమ్ ఏదో చెప్పే ఓఎస్-రిలీజ్ ఫైలు చదవండి, పైథాన్ వెర్షన్ అడగండి. ఇక్కడ ఒక చిక్కుంది. అధికారిక ఇమేజ్‌లో పైథాన్‌ని సోర్స్ నుంచి కంపైల్ చేసి యూజర్-లోకల్ ఫోల్డర్ కింద పెడతారు. మీ టీమ్‌లో ఎవరైనా ఆప్ట్‌తో "పైథాన్3" అని మొదలయ్యే ప్యాకేజీ ఏదైనా ఇన్‌స్టాల్ చేసి ఉంటే డెబియన్ వాళ్ల సొంత పైథాన్ కూడా లోపలికి వచ్చేస్తుంది. డెబియన్ 12 అయితే అది 3.11. అంటే 3.12 అని పేరున్న ఇమేజ్‌లో ఇద్దరు పైథాన్‌లు కాపురం ఉంటారు. రెండిటి గడువులూ వేరు, రెండిటికీ ప్యాచ్ వచ్చే దారీ వేరు. కనిపిస్తే రాసుకోండి.

2. ప్రతి పొరకీ తేదీ వెతకండి

అసలు పని ఇక్కడే. ఒక ఇమేజ్ అంటే కనీసం రెండు పొరలు, పైన పైథాన్, కింద ఆపరేటింగ్ సిస్టమ్. వీటిలో ఏది ముందు ఆగిపోతే ఇమేజ్ ఆయుష్షు అంతే.

పైథాన్ సంగతి తేలిక. 3.9 నుంచి ఏటా అక్టోబర్‌లో ఒక కొత్త వెర్షన్ వస్తోంది, ప్రతిదానికీ మొత్తం ఐదేళ్లు. ఆ ఐదేళ్లలో మొదటి భాగం బగ్ ఫిక్స్‌లు, మిగతాది సెక్యూరిటీ ఫిక్స్‌లు మాత్రమే. 3.12 దాకా మొదటి భాగం ఏడాదిన్నర. 3.13 నుంచి దాన్ని రెండేళ్లు చేశారు. 3.9 గడువు 2025 అక్టోబర్‌తో ముగిసింది. 3.10కి 2026 అక్టోబర్, 3.11కి 2027, 3.12కి 2028, 3.13కి 2029, అన్నీ అక్టోబరే. సెక్యూరిటీ దశలోకి వెళ్లాక విండోస్, మ్యాక్ ఇన్‌స్టాలర్లు ఇవ్వరు, సోర్స్ మాత్రమే విడుదల చేస్తారు. డాకర్ ఇమేజ్ ఎలాగూ సోర్స్ నుంచే కంపైల్ అవుతుంది కాబట్టి మనకు దాంతో ఇబ్బంది లేదు. పైథాన్ వాళ్లు నెల మాత్రమే చెప్పి రోజు చెప్పనప్పుడు నేను ఆ నెల ఒకటో తారీఖు వేసుకుంటాను. నెలాఖరు వేసుకుంటే ఆ ముప్పై రోజులూ మన చేతిలో ఉన్నట్టు అనిపిస్తుంది, నిజానికి ఉండవు.

డెబియన్ దగ్గర కాస్త ఆగాలి. బుక్‌వర్మ్, అంటే డెబియన్ 12, 2023 జూన్ 10న వచ్చింది. డెబియన్ సెక్యూరిటీ టీమ్ మూడేళ్లు చూసుకుంటుంది, అంటే 2026 జూన్ 10 దాకా. ఆ తర్వాత ఎల్‌టీఎస్ అని ఇంకో రెండేళ్లు, 2028 జూన్ 30 దాకా. ఈ ఎల్‌టీఎస్‌ని నడిపేది వేరే బృందం. అన్ని ఆర్కిటెక్చర్లకూ ఇవ్వరు, కొన్ని ప్యాకేజీలను ముందే చెప్పి వదిలేస్తారు. మరి మీ డాక్యుమెంట్‌లో ఏ తేదీ వేస్తారు, 2026దా 2028దా? రెండు తేదీలూ తప్పు కాదు, ఏది ఎంచుకున్నారో రాయకపోవడమే తప్పు.

ఎక్కడా తేదీగా రాసి ఉండని మూడో గడువు ఒకటుంది, చాలామంది దెబ్బతినేది దాని దగ్గరే. డాకర్ అధికారిక పైథాన్ ఇమేజ్‌ని తయారుచేసేవాళ్లు మామూలుగా రెండు డెబియన్ తరాలకే ఇమేజ్‌లు ఇస్తారు. 2025 ఆగస్టు 9న డెబియన్ 13, ట్రిక్సీ, విడుదలయ్యాక బుల్స్‌ఐ (డెబియన్ 11) మీది పైథాన్ ఇమేజ్‌లు జాబితా నుంచి పోయాయి. బుల్స్‌ఐకి ఎల్‌టీఎస్ 2026 ఆగస్టు 31 దాకా ఉంది, అయినా పోయాయి. పోయాయి అంటే ట్యాగ్ మాయమవ్వలేదు. డాకర్ హబ్‌లో అది అలాగే ఉంటుంది, అడిగితే పుల్ అవుతుంది. కొత్తగా బిల్డ్ చేయడం మానేశారు, అంతే. ఫ్రిజ్‌లో పెట్టి మర్చిపోయిన పెరుగు గిన్నె లాంటిది, మూత తీసేదాకా బాగానే కనిపిస్తుంది.

డెబియన్ బదులు ఆల్పైన్ అనే చిన్న లినక్స్ వాడితే లెక్క వేరు. ఏడాదికి రెండు విడుదలలు, ఒక్కోదానికి సుమారు రెండేళ్లు. ఉదాహరణకి 3.20 గడువు 2026 ఏప్రిల్ 1. పైథాన్ ఐదేళ్లు బతికితే దాని కింద ఆల్పైన్ కనీసం రెండుసార్లు మారాలి. గ్లిబ్‌సీ అనే సీ లైబ్రరీ బదులు అందులో మసల్ ఉంటుంది కాబట్టి వీల్స్ (ముందే కంపైల్ చేసిన పైథాన్ ప్యాకేజీలు) గొడవ సరే సరి.

ఈ తేదీలన్నీ ఒకేచోట చూడాలంటే ఎండ్‌ఆఫ్‌లైఫ్ డాట్ డేట్ అనే సైటు సౌకర్యంగా ఉంటుంది, ఏపీఐ కూడా ఉంది. వెతకడానికి వాడుకోండి. మీ డాక్యుమెంట్‌లోకి ఎక్కించే ముందు పైథాన్ డెవలపర్ గైడ్‌లోని వెర్షన్ల పేజీతో, డెబియన్ రిలీజుల పేజీతో ఒకసారి సరిచూసుకోండి.

3. "సపోర్ట్" అంటే ఏమిటో ముందే రాయండి

పేజీ పైభాగంలో, ఏ ఇమేజ్ పేరూ రాకముందే, మీరు వాడబోయే మాటలకు అర్థాలు ఉండాలి. నేను నాలుగు దశలతో సరిపెడతాను: ప్రివ్యూ, పూర్తి సపోర్ట్, సెక్యూరిటీ మాత్రమే, ఆగిపోయింది. ఐదో దశ ఒకటి పెట్టి చూశాను, "త్వరలో ఆగిపోతుంది" అని. "త్వరలో" అంటే ఎప్పుడో ఎవరికి తోచింది వాళ్లు అనుకున్నారు, తీసేశాను.

ప్రతి దశకీ మూడు ప్రశ్నలకు జవాబుండాలి. ఇమేజ్‌ని ఎంత తరచుగా రీబిల్డ్ చేస్తారు? బగ్ చెబితే ఎవరు చూస్తారు? ఆ దశలో ఏం మారొచ్చు, ఏం మారకూడదు? ఉదాహరణకి పూర్తి సపోర్ట్‌కి ఇలా రాయొచ్చు: "వారానికోసారి, సోమవారం రీబిల్డ్ చేస్తాం. కింది ఇమేజ్‌లో తీవ్రమైన సెక్యూరిటీ లోపం బయటపడితే సోమవారం దాకా ఆగం. పైథాన్ ప్యాచ్ నంబర్ మారొచ్చు, మైనర్ నంబర్ మారదు, డెబియన్ తరం మారదు." ఇలా రాస్తే చదివినవాళ్లు మిమ్మల్ని నిలదీయగలరు. అలా నిలదీయగలగాలి కూడా.

ఏది మీ బాధ్యత కాదో కూడా ఇక్కడే చెప్పేయండి. పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే టూల్) టీమ్‌లు వేసుకునే ప్యాకేజీలు మీ లెక్కలోకి రావు. ఇది మాటవరసకు రాసే లైను కాదు. క్రిప్టోగ్రఫీ ప్యాకేజీ వీల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) దాని సొంతంగా లోపలే ప్యాక్ అయి వస్తుంది. మీరు డెబియన్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ని ఎన్నిసార్లు ప్యాచ్ చేసినా ఆ వీల్‌లో ఉన్నది కదలదు. "బేస్ ఇమేజ్ అప్‌డేట్ చేశారు కదా, స్కానర్ మాకెందుకు ఇంకా ఎర్రగా చూపిస్తోంది" అని అడిగేవాళ్లకి ఈ పేరా లింక్ పంపితే చాలు.

స్కానర్, అంటే ఇమేజ్‌లో తెలిసిన సెక్యూరిటీ లోపాలు వెతికే టూల్, గురించి ఒక హెచ్చరిక. రిపోర్ట్‌లో సున్నా కనిపిస్తే ఇమేజ్ బాగుందని అనుకోవద్దు. గడువు తీరిన డిస్ట్రోకి (డెబియన్, ఆల్పైన్ లాంటిది) కొత్త అడ్వైజరీలు, అంటే లోపాల ప్రకటనలు, ఎవరూ రాయరు. రాయనివాటిని స్కానర్ చూపించలేదు. పైగా కొన్ని స్కానర్లు ఆప్ట్ ప్యాకేజీల జాబితానే చదువుతాయి, కంపైల్ చేసి పెట్టిన పైథాన్ వాటి కంటపడదు. అందుకే "స్కాన్ క్లీన్‌గా ఉంటే సపోర్ట్ ఉన్నట్టే" లాంటి వాక్యం మీ పేజీలో ఎక్కడా ఉండకూడదు.

4. ఏ ట్యాగ్ కదులుతుంది, ఏది కదలదు

అధికారిక ఇమేజ్‌లో "3.12-స్లిమ్" (స్లిమ్ అంటే సైజు తగ్గించిన ఇమేజ్) అని రాస్తే డెబియన్ ఏదో మీరు చెప్పలేదు. 2023లో బుక్‌వర్మ్ వచ్చినప్పుడు, 2025లో ట్రిక్సీ వచ్చినప్పుడు, రెండుసార్లూ ఇలాంటి ట్యాగ్‌లు పాత డెబియన్ నుంచి కొత్తదానికి జరిగిపోయాయి. నిన్న బుక్‌వర్మ్ మీద బిల్డ్ అయింది ఇవాళ ట్రిక్సీ మీద అవుతుంది, డాకర్‌ఫైల్‌లో అక్షరం మారకుండానే. "3.12-స్లిమ్-బుక్‌వర్మ్" అయితే డెబియన్ తరం కదలదు, పైథాన్ ప్యాచ్ మాత్రం కదులుతుంది. డైజెస్ట్‌తో (ఒకే ఒక్క ఇమేజ్‌ని గుర్తించే హ్యాష్) పిన్ చేస్తే ఏదీ కదలదు, సెక్యూరిటీ ప్యాచ్‌తో సహా.

మీ ఇమేజ్‌లకు డెబియన్ పేరు లేని ట్యాగ్‌లు ఇవ్వకండి. ఇవ్వకపోతే మొదట్లో టీమ్‌లు విసుక్కుంటాయి, ట్యాగ్ పేరు చాంతాడంత ఉందని. ఉండనివ్వండి. ఆ పేరులో తరం కనిపిస్తే గడువు కూడా దానంతటదే గుర్తొస్తుంది.

5. ఒక్కో ఇమేజ్‌కి ఒక్కో ఎంట్రీ

టేబుల్ పెద్దదయ్యేకొద్దీ ఎవరూ చదవరు. పైన చిన్న టేబుల్ పెట్టండి, అందులో ఇమేజ్ పేరు, దశ, గడువు మాత్రమే. కింద ప్రతిదానికీ ఒక ఎంట్రీ. మాదిరికి ఒకటి నింపి చూపిస్తాను:

ఇమేజ్: పైథాన్-బేస్, ట్యాగ్ 3.12-స్లిమ్-బుక్‌వర్మ్
పైథాన్ గడువు: 2028 అక్టోబర్
డెబియన్ గడువు: 2026 జూన్ 10 (సెక్యూరిటీ టీమ్), 2028 జూన్ 30 (ఎల్‌టీఎస్)
మా గడువు: 2026 జూన్ 10
ఎందుకు ఆ తేదీ: ఎల్‌టీఎస్‌ని మేం లెక్కలోకి తీసుకోం. మా ఇమేజ్‌లో ఉన్న ప్యాకేజీలన్నీ ఎల్‌టీఎస్ పరిధిలోకి వస్తాయో లేదో ప్రతిసారీ చూసే మనుషులు మా దగ్గర లేరు.
ఆ తేదీ తర్వాత: రీబిల్డ్ ఉండదు. ఇమేజ్ డిలీట్ చేయం, పుల్ అవుతుంది. కొత్త బిల్డ్‌లకు బేస్‌గా వాడితే పైప్‌లైన్ (బిల్డ్‌లను ఆటోమేటిక్‌గా నడిపేది) ఆపేస్తుంది.
ఎక్కడికి మారాలి: 3.12-స్లిమ్-ట్రిక్సీ
మారేటప్పుడు తగిలేవి: సీ కంపైలర్ జీసీసీ 12 పోయి 14 వస్తుంది. ముందుగా డిక్లేర్ చేయని ఫంక్షన్‌ని పిలిస్తే 12 వార్నింగ్‌తో వదిలేసేది, 14 ఎర్రర్ ఇస్తుంది. సోర్స్ నుంచి కంపైల్ అయ్యే పాత సీ ఎక్స్‌టెన్షన్లు ఇక్కడ ఆగిపోవచ్చు.
సరిచూసింది: ఎవరు, ఏ రోజు

"ఎందుకు ఆ తేదీ" లైను చాలామంది వదిలేస్తారు. వదలకండి. ఆరు నెలల తర్వాత ఎవరో వచ్చి "డెబియన్ 2028 దాకా అంటోంది, మీరెందుకు 2026 అంటున్నారు" అని అడుగుతారు. అప్పటికి మీరు వేరే ప్రాజెక్ట్‌లో ఉండొచ్చు. మీ కారణం నచ్చకపోతే మార్చుకోనివ్వండి, కానీ కారణం కాగితం మీద ఉండాలి.

"మారేటప్పుడు తగిలేవి" కూడా అంతే ముఖ్యం. గడువు చెప్పి ఊరుకుంటే టీమ్‌లకు టెన్షన్ తప్ప ఇంకేం మిగలదు. పైథాన్ 3.11 నుంచి 3.12కి వెళ్లేవాళ్లకైతే డిస్ట్‌యుటిల్స్ (ప్యాకేజీలు కట్టే పాత మాడ్యూల్) తీసేశారని, 3.12 నుంచి అధికారిక ఇమేజ్‌లో సెటప్‌టూల్స్ కూడా ముందుగా ఉండదని రాయండి. పాత సెటప్ ఫైళ్లున్న రిపోలన్నీ అక్కడే ఆగుతాయి.

6. తేదీని ఇమేజ్‌లోనే కుట్టేయండి

పేజీ ఒకచోట, ఇమేజ్ ఇంకోచోట ఉంటే రెండూ ఎప్పటికో ఒకప్పటికి విడిపోతాయి. అందుకని గడువు తేదీని లేబుల్‌గా ఇమేజ్‌లో పెట్టండి. మందుల స్ట్రిప్ వెనక ఎక్స్‌పైరీ అచ్చేసినట్టు. ఓసీఐ అనే కంటెయినర్ ఇమేజ్‌ల ప్రమాణంలో ఇమేజ్ ఎప్పుడు తయారైంది, బేస్ ఇమేజ్ పేరేమిటి, దాని డైజెస్ట్ ఏమిటి అన్నవాటికి ముందే నిర్ణయించిన కీలు ఉన్నాయి, అవి వాడండి. గడువుకి మాత్రం ఆ జాబితాలో కీ లేదు. మీ కంపెనీ డొమైన్ పేరు తిరగేసి ముందు పెట్టి, సొంత కీ ఒకటి తయారుచేసుకోండి. తేదీని ఏడాది-నెల-రోజు వరుసలో రాయండి, లేకపోతే 06-10 అంటే జూన్ పదా, అక్టోబర్ ఆరా అని మొదలవుతుంది.

తేదీలన్నీ రిపోలో ఒకే యామల్ ఫైల్‌లో (మనుషులూ స్క్రిప్ట్‌లూ చదవగలిగే టెక్స్ట్ ఫైలు) ఉంచి, పేజీనీ లేబుళ్లనీ దాన్నుంచే పుట్టించండి. ఒకే తేదీని రెండుచోట్ల చేత్తో టైప్ చేస్తే ఏదో ఒకటి పాతబడుతుంది. లేబుల్‌తో ఒక ఇబ్బంది ఉంది, ముందే చెప్తున్నాను: బిల్డ్ అయిపోయిన ఇమేజ్‌లో లేబుల్ మారదు. గడువు మారితే పాత డైజెస్ట్‌లలో పాత తేదీయే ఉంటుంది. కాబట్టి "లేబుల్‌కీ పేజీకీ తేడా వస్తే పేజీలో ఉన్నదే చెల్లుతుంది" అని ఒక వాక్యం రాసిపెట్టండి.

7. తేదీలు మారతాయి, దానికి చోటు వదలండి

నోడ్ 16 గడువు మొదట 2024 ఏప్రిల్ అన్నారు. తర్వాత దాన్ని 2023 సెప్టెంబర్ 11కి ముందుకు జరిపారు, ఎందుకంటే అది ఆధారపడిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1 గడువు ఆ రోజే. దాదాపు ఎనిమిది నెలలు ఎగిరిపోయాయి. డాట్‌నెట్ 9 విషయంలో ఇది తిరగబడింది: 2026 మేలో ముగియాల్సింది 2026 నవంబర్ 10 దాకా పొడిగించారు. ప్రతి ఎంట్రీ అడుగున మార్పుల వరుస ఉంచండి, పాత తేదీ, కొత్త తేదీ, కారణం, మార్చిన రోజు. పాత తేదీని చెరిపేయకండి. "పోయిన నెల ఇంకోటి ఉండేదే" అనేవాళ్ల అనుమానం అక్కడే తీరిపోతుంది.

8. ముందుగా చెప్పడం, ఆపడం

ఆరు నెలల ముందు ఒకసారి, మూడు నెలల ముందు ఒకసారి, నెల ముందు ఒకసారి చెప్పండి. అందరికీ కలిపి మెయిల్ పంపితే ఎవరికీ పంపనట్టే. మొదటి అడుగులో తీసిన లెక్క ఇక్కడ పనికొస్తుంది: ఏ టీమ్ ఏ ఇమేజ్ వాడుతోందో మీ దగ్గర ఉంది కాబట్టి, ఆ టీమ్ రిపోలోనే ఇష్యూ తెరవండి, మార్చాల్సిన ఫ్రమ్ లైను అందులోనే రాసి.

మూడు నెలల ముందు నుంచి బిల్డ్ పైప్‌లైన్‌లో పసుపు వార్నింగ్. నెల ముందు, ఒక మంగళవారం పగటిపూట రెండు గంటలు మాత్రం దాన్ని ఎర్రర్‌గా మార్చండి, ముందే చెప్పి. మెయిల్ చదవనివాళ్లు కూడా ఆ రెండు గంటల్లో మీ దగ్గరికి వచ్చేస్తారు. ఈ ప్రయోగం పైప్‌లైన్‌లోనే చేయండి, రిజిస్ట్రీలో పుల్ ఆపి చేయొద్దు. క్లస్టర్‌లో ఒక సర్వర్ పడిపోయి పాడ్‌లు (దాని మీద నడుస్తున్న కంటెయినర్లు) ఇంకోచోట లేవాల్సిన సమయానికి ఇమేజ్ పుల్ కాకపోతే, డాక్యుమెంటేషన్ పని కాస్తా ప్రొడక్షన్ గొడవ అవుతుంది. గడువు తీరిన ఇమేజ్‌ని వెంటనే డిలీట్ చేయొద్దన్నది కూడా ఇందుకే.

మారలేమని చెప్పే టీమ్ ఒకటి తప్పక ఉంటుంది. వాళ్లకి మినహాయింపు ఇవ్వండి, కానీ పేజీలోనే, అందరికీ కనిపించేలా: ఏ సర్వీస్, ఏ కారణం, ఏ తేదీ దాకా, రిస్క్ ఎవరిది అన్నదానికి ఒక మనిషి పేరు. టీమ్ పేరు సరిపోదు. మినహాయింపు తేదీ రాగానే అది దానంతటదే రద్దు కావాలి. పొడిగింపు కావాలంటే మళ్లీ అడగాలి.

9. ఎప్పుడెప్పుడు తిరగెయ్యాలి

క్యాలెండర్‌లో వేసుకోండి. అక్టోబర్‌లో పైథాన్ కోసం, కొత్తది వస్తుంది, పాతది ఒకటి పోతుంది. ఆల్పైన్ ఉంటే మేలో, నవంబర్‌లో. డెబియన్ సుమారు రెండేళ్లకోసారి కొత్తది తెస్తుంది, విడుదల తేదీ ప్రకటించగానే అధికారిక పైథాన్ ఇమేజ్ రిపోలో ఏ పాత తరాన్ని తీసేస్తున్నారో చూడండి. ఇవేవీ లేని నెలల్లో కూడా యామల్ ఫైల్‌లో "సరిచూసింది" తేదీ తొంభై రోజులు దాటిన ఎంట్రీలను పట్టుకునే చిన్న స్క్రిప్ట్ ఒకటి పైప్‌లైన్‌లో ఉండాలి. మా దగ్గర అది పదిహేను లైన్లు. దొరికిన ఎంట్రీకి టికెట్ తెరిచి, చివరిసారి సరిచూసిన మనిషికే అసైన్ చేస్తుంది. ఆ మనిషి కంపెనీ వదిలి వెళ్లిపోయి ఉంటే టికెట్ నా పేరు మీదకే వస్తుంది, అది మాత్రం ఇంకా సరిచేయలేదు.